తడిసిన ముడి

1927 ఏప్రిల్ 9

ఎర్ర కారు ఇవాళ కూడా మా షెడ్డు ముందు నుంచే పోయింది. హారన్ కొట్టలేదు. కొట్టమని ఎవరడిగారు?

దాని యజమాని ఊ ఫో మ్యా గారి బియ్యం మిల్లు రంగూన్‌లో పజుండౌంగ్ ఏటి గట్టున ఉంది. మిల్లుకి పోవడానికి గట్టు మీద బ్రహ్మాండమైన దారి ఉంది. ఇనప సామాను, ఎద్దుబళ్ళు, చేపల గంపలు నిండిన మా వీధిలోంచి పోవలసిన పని ఆ డ్రైవరుకి ఏమిటో నాకు అర్థం కాదు. నాకనవసరం కూడాను.

డ్రైవరు అనే రాస్తాను. అతనికి పేరుంది, వరసా ఉంది. ఈ పుస్తకంలో మాత్రం డ్రైవరు చాలు.

లక్ష్మీనరసమ్మ అడిగింది. "ఆ బండి ఎల్లినప్పుడల్లా నీ సుత్తి ఎందుకాగిపోద్ది?"

సుత్తి పిడి వదులైందని చెప్పాను. పెళ్ళాం దగ్గర అబద్ధం ఆడితే అన్నం అరగదంటారు. రాత్రి బాగానే అరిగింది.

ఏప్రిల్ 11

పని లేదు. బర్మావాళ్ళ నీళ్ళ పండగ వస్తోంది కదా, ఎవరూ బళ్ళు మరమ్మతుకి తేరు. ఒకసారి సంగతంతా రాసి పడేస్తే బుర్రలో దూరి కుట్టడం మానుతుందేమో చూస్తాను.

నిరుడు కార్తీకంలో ఆ కారు ఓడ మీద వచ్చింది. ఇద్దరే కూర్చునే బండి. నలుగురికి సరిపోయే ఇంజను, నలభైమందికి సరిపోయే డాబు. అప్పటిదాకా రంగూన్‌లో నేను చూసిన బళ్ళకి బ్రేకు వెనక చక్రాలకే ఉండేది. దీనికి ముందు చక్రాలకి కూడా ఉంది. కాలితో పెడల్ తొక్కితే అది ఒక పొడుగాటి కమ్మీని వెనక్కి లాగుతుంది. ఆ కమ్మీ ముందు కొస ఒక అడ్డ ఇరుసుని తిప్పుతుంది. అక్కడి నుంచి రెండు చక్రాల్లో ఉన్న డ్రమ్ములకి బ్రేకు పడుతుంది. ఓడలో ఏ పెట్టె మీద పడిందో గాని ఆ కమ్మీ వంగిపోయి వచ్చింది. కొత్తది సీమ నుంచి రావాలంటే నెలలు. ఊ ఫో మ్యా నా దగ్గరికి వచ్చారు. నేను కాచి, సాగదీసి, చివర మర పెట్టి కొత్త కమ్మీ చేశాను. పట్టకారు పట్టింది దండాసి.

చూశావా, రాయనంటూనే రాశాను.

దండాసి మా చెల్లెలు చిన్నమ్మి మొగుడు. గంజాం వాడు. నా షెడ్డులో పని నేర్చుకున్నాడు, నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. ఆ కారు అప్పగించి రమ్మని పంపితే సాయంత్రం తిరిగొచ్చి, "డ్రైవరు పని ఇచ్చినారు బావా, రేపట్నుంచి అక్కడే. ఉండడానికి గది కూడా ఇత్తారట" అన్నాడు. అడగలేదు. చెప్పాడు. తేడా ఉంది.

నేను కూడా అడగలేదు, చెప్పాను. మళ్ళీ నా గడప తొక్కొద్దని. చిన్నమ్మి అక్కడే ఉంది, చేతిలో మా ఇద్దరి అన్నం గిన్నెలూ ఉన్నాయి. రెండూ కింద పెట్టి మొగుడి వెనకాల వెళ్ళింది. వెళ్ళాలి కూడా, తప్పు పట్టను.

అతను రాడు. అతను రాని చోటికి ఆమె రాదు. ఆమె రాకపోతే వాళ్ళింటికి నేను వెళ్ళను. ఇంతే సంగతి. రాస్తే ఏమంత పెద్దగా లేదు.

ఏప్రిల్ 15

నీళ్ళ పండగ. పొద్దున్నుంచి వీధంతా ఏరే. నా మీద ముగ్గురు పోశారు, నేను ఒకడి మీద పోశాను.

ఎర్ర కారు చింతపండు కొట్ల మూల దగ్గర ఆగిపోయిందట. ముందు మూతలోంచి ఆవిరి బుసబుసా వచ్చిందట. పండగ జనం అది చూసి ఇంకా నీళ్ళు పోశారట. డ్రైవరు తల పట్టుకుని పక్కన నిలబడ్డాడట.

నేను సంతోషించలేదు. రెండో గిన్నె టీ తాగాను, అంతే.

ఏప్రిల్ 22

కారు బాగానే తిరుగుతోంది. కంటోన్మెంటులో ఒక దొరల గారేజీలో రేడియేటరు కడిగి ఇచ్చారట. ఆవిరి లేదు. హారనూ లేదు.

మే 20

వానలు పడ్డాయి. షెడ్డు కప్పు రెండు చోట్ల కారుతోంది.

మే 23

లక్ష్మీనరసమ్మకి బజార్లో చిన్నమ్మి కనపడిందట. "కనపడిందట" అని రాశాను గాని, వాళ్ళిద్దరూ వారం వారం కలుస్తున్నారని నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్ళకి తెలుసు. ఈ ఇంట్లో గుట్టు అంటే అంత గుట్టు.

వానలు మొదలైన దగ్గర్నుంచి కారు మళ్ళీ మరుగుతోందట. బండి ముందుకి సాగనని మొరాయిస్తుందట, ముందు చక్రాల దగ్గర కాలిన వాసనట. గారేజీ దొర ఇంజను అంతా విప్పి బిగించి, చివరికి బండిలో తప్పు లేదు, డ్రైవరు బ్రేకు మీద కాలు ఆనించి నడుపుతున్నాడు అని తేల్చాడట.

"పని పోద్దని బెంగెట్టుకున్నాది చిన్నమ్మి. పని పోతే గదీ పోద్ది. బరంపురం ఎల్లిపోతాం ఒదినా, ఓడెక్కేత్తాం అంతన్నాది."

"ఓడెందుకు? షెడ్డు లేదా?" అన్నాను.

"నీ గడప తొక్కొద్దన్నావు గదా. గాల్లో ఎగిరొత్తాడేటి?"

నిచ్చెన తీసుకుని కప్పు చిల్లులు మూయడానికి వెళ్ళాను.

మే 25

ఊ ఫో మ్యా గారు రిక్షాలో వచ్చారు. కారున్న మనిషి రిక్షాలో వానకి తడిసి రావడం చూస్తే జాలేసింది. హిందుస్తానీలోనే మాట్లాడతారు నాతో, మెల్లగా, గౌరవంగా.

వచ్చే నెల నాలుగో తేదీన పెగూలో ఆయన అక్క కొడుక్కి బౌద్ధ దీక్ష ఇస్తారట. పిల్లవాణ్ణి రాజకుమారుడిలా అలంకరించి ఊరేగించాలి. ఏనుగు బదులు ఎర్ర కారు కావాలని పిల్లవాడే అడిగాడట. ఆ రోజుకి బండి వాన తడిలో కూడా నడవాలి.

"బండి తప్పో, డ్రైవరు తప్పో నువ్వు చెప్పు. దొర చెప్పాడు గాని, దొర నా డ్రైవర్ని చూడలేదు, ఇంజన్నే చూశాడు. నీకు ఇద్దరూ తెలుసు. డ్రైవరు తప్పయితే ఆ లోపే వేరే మనిషిని పెట్టుకుంటాను. నీ మాటే ఖాయం" అన్నారు.

అతను నా చెల్లెలి మొగుడని ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు. చెప్పే సందర్భం రాలేదు. నిజానికి వచ్చింది, వచ్చి వెళ్ళిపోయింది.

మే 27

కారు వచ్చింది. డ్రైవరు షెడ్డు బయట ఆపి, తాళం గడప మీద పెట్టి, వానలో గొడుగు వేసుకుని నిలబడ్డాడు. చిక్కాడు. నాకేం?

నేను లోపల నుంచి అడిగాను. "ఎప్పుడెప్పుడు మరుగుద్ది?"

"ఒకోపాలి. ఎప్పుడని నేదు."

"ఎంత దూరం ఎల్లాక?"

"ఒకోపాలి ఇల్లు దాటగానే. ఒకోపాలి మిల్లు దాకా ఎల్లినా ఏటీ అవదు."

ఇది మాట్లాడుకోవడం కాదు. రోగిని తెచ్చినవాణ్ణి వైద్యుడు అడగడూ? అంతే ఇది.

రేడియేటరు చూశాను. శుభ్రంగా ఉంది, దొర పని బాగానే చేశాడు. గొట్టాలు మంచివే. ఫ్యాను పట్టా వదులు లేదు. గంటసేపు ఇంజను ఆడించాను, నీళ్ళు వేడెక్కాయి గాని మరగలేదు. అప్పుడు ముందు చక్రాలు విప్పాను. డ్రమ్ములు లోపల నీలంగా కమిలి ఉన్నాయి. బ్రేకు పట్టాలు మాడి గాజులా మెరుస్తున్నాయి. బ్రేకు రాసుకుంటోంది, అది ఖాయం. రాసుకుంటే బండి లాగలేదు, లాగలేక ఇంజను రొప్పుతుంది, రొప్పితే నీళ్ళు మరుగుతాయి. ఇంజను పాపం ఏ పాపమూ ఎరగదు.

కాని జాకీ ఎత్తి చక్రం తిప్పితే పసిపిల్లల గిలకలా తిరుగుతోంది. ఎక్కడా పట్టడం లేదు. కింద పడుకుని కమ్మీ చూశాను. నా కమ్మీయే, చక్కగా ఉంది. అడ్డ ఇరుసు దగ్గర ఎవడో బద్ధకస్తుడు చప్పుడు రాకుండా జిడ్డు గుడ్డ చుట్టాడు. దొరల గారేజీ పనితనం! వదులుగానే ఉంది, వదిలేశాను.

బ్రేకు రాసుకుంటోంది. రాసుకోవడానికి బండిలో కారణం లేదు. మిగిలింది కాలే.

మే 28

మిగిలింది కాలే.

మే 29

మనసు కుదుటగా ఉంది. ఉన్న మాట చెప్పడం నా ధర్మం. ఊ ఫో మ్యా నా మాట మీద నమ్మకం పెట్టుకున్నారు. పని పోతే పోనీ, మగాడన్నవాడికి ఒక పని పోతే ఇంకో పని. షెడ్డులో పట్టకారు పట్టే మనిషి లేక నేను కూడా ఇబ్బంది పడుతూనే ఉన్నాను. చిన్నమ్మి మళ్ళీ రెండు గిన్నెలూ తెస్తుంది. అందరికీ మంచిదే.

లక్ష్మీనరసమ్మకి ఈ మాటే చెప్పాను. వింటూ వింటూ చేపలు తోమింది. చివర్లో అంది.

"తప్పు అతనిదే అని నీకు తెలుసా, లేపోతే అతనిది అయితే బాగున్ను అనుకుంతన్నావా?"

రెండూ ఒకటే కదా అన్నాను.

"చేప ముల్లూ చేపా ఒకటేనేటి?" అంది.

మే 30

తిన్నగా చెప్పే ముందు ఒకసారి పక్కన కూర్చుని చూడాలి. పనివాడి పద్ధతి అది. ఆ చేప ముల్లు మాటకి దీనికి సంబంధం లేదు.

జూన్ 1

మొదటి నుంచి రాస్తాను.

పొద్దున్న ఎండ కాసింది. డ్రైవరు పక్కన కూర్చున్నాను. రంగూన్‌లో ఇన్నేళ్ళున్నా ఇంత కిందికి కూర్చుని రోడ్డు చూడలేదు, గుర్రాల కాళ్ళే కనపడతాయి. నేను రోడ్డు చూడలేదు, అతని కుడి కాలు చూశాను. పెగూ రోడ్డు మీద చాలా దూరం పోయాం. ఆ కాలు అవసరం లేనప్పుడు ఒక్కసారి కూడా పెడల్ మీద లేదు. కింద పలక మీద, పడుకున్న పిల్లిలా. ఎద్దుబండి అడ్డం వచ్చినప్పుడు తొక్కాడు, వెంటనే తీశాడు. నేను నేర్పింది అదే. చక్రాలు ముట్టుకు చూస్తే చల్లగా ఉన్నాయి. నీళ్ళు మరగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వాన పట్టుకుంది. రోడ్డు మీద నీళ్ళు పొంగి, కారు కిందంతా తడిసిపోయింది. కాసేపటికి బండి బరువెక్కింది. ఇంజను మూలగడం మొదలెట్టింది. కాలు పలక మీదే ఉంది! నేను దాన్నే చూస్తున్నాను. కాలిన వాసన, తరవాత ఆవిరి.

"సూసినావా? సూసినావా నా కాలు?" అని అరిచాడు. కోపంగా కాదు. ఏడుపు గొంతుతో.

నేను దిగి, వానలో, నడి రోడ్డు మీద, బురదలో వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాను. కమ్మీ పట్టుకున్నాను. వీణ తీగలా బిగిసి ఉంది. కాలు లేకుండా ఎవరు లాగుతున్నారు దీన్ని? చెయ్యి కమ్మీ వెంట పోనిచ్చాను. అడ్డ ఇరుసు దగ్గర ఆ జిడ్డు గుడ్డ తగిలింది. మొన్న వదులుగా ఉన్న గుడ్డ ఇప్పుడు రాయిలా ఉంది.

మా అయ్య ఈ రేవులో బస్తాలు మోసి బతికాడు. నూలు తాడు తడిస్తే పొట్టిదవుతుంది, పొట్టిదయితే బిగుస్తుంది, వానలో వేసిన ముడిని దేవుడు కూడా విప్పలేడు అనేవాడు. అది గుడ్డ ముక్క కాదు. గట్టి నూలు దారం పేటలు పేటలుగా పేనిన తాడు. ఒక కొస కమ్మీకి, ఒక కొస పక్కనున్న చట్రానికి, మధ్యలో చిన్న మూట. వాన పడితే బిగిసి కమ్మీని లాగుతుంది, బ్రేకు పట్టుకుంటుంది. కొంతదూరం పోయాక ఇంజను వేడికి ఆరి వదులవుతుంది. అందుకే దొర చూసినప్పుడు లేదు, నేను చూసినప్పుడు లేదు. అందుకే నీళ్ళ పండగ నాడు వచ్చింది, వానలతో మళ్ళీ వచ్చింది.

కోసేద్దామని చాకు తీశాను. మూట మడత కొంచెం విడింది. లోపల గుడ్డ పసుపు పచ్చగా ఉంది. వేలు పెడితే కాసు తగిలింది.

ముడుపు అది. మా అమ్మ వేసే ముడి. మూడు చుట్లు తిప్పి కొసని లోపలికి దూర్చే ముడి మా ఇంట్లో తప్ప ఎవరూ వేయరు.

చాకు మూసేశాను. బయటికి వచ్చి డ్రైవరుతో, "నీ కాలు తప్పు కాదు" అన్నాను. అతను వానలో నిలబడి మొహం తుడుచుకున్నాడు. వాన నీళ్ళే కావచ్చు.

నా మొహం కూడా తుడుచుకున్నాను.

జూన్ 2

సంచౌంగ్ వెళ్ళాను. ఊ ఫో మ్యా ఇంటి వెనక డ్రైవరు గది. గడప దగ్గర నిలబడ్డాను. ఎవరూ తొక్కొద్దనలేదు, అయినా కాలు లేవలేదు.

చిన్నమ్మి చేట పక్కన పెట్టి లేచింది. "అన్నియ్యా" అంది. మంచినీళ్ళు ఇచ్చింది, తాగాను.

"ముడుపు ఎవరికి కట్టినావు?" అని అడిగాను.

"సింహాద్రప్పన్నకి."

"ఎవరి కోసం? ఆయన పేనం కోసమా? కారు జోరుగా ఎల్తాదనా?"

తల అడ్డంగా ఊపింది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది, చిన్నప్పటి అలవాటు పోలేదు.

"మీ ఇద్దరూ మాటాడుకోవాలని కట్టినాను. నీ ఇంట్లో కడదావంటే నాను రాకూడదు. నా ఇంట్లో కడితే నువ్వు రావు. ఏటి సెయ్యాల? ఆ కమ్మీ నువ్వు సేసినావు గదా అన్నియ్యా. నీ సెయ్యి పడింది. ఆయన కాలు రోజూ దాని మీదే పడతాది. ఈ రంగం ఊర్లో మీ ఇద్దరూ కలిసి ముట్టుకునీది అదొక్కటే. అందుకని దానికే కట్టినాను. ఊడిపోకండా గట్టిగా కట్టినాను."

కమ్మీకీ చట్రానికీ కలిపి కట్టేంత గట్టిగా. అతని పని పోయేంత గట్టిగా. తన వల్లే పోతోందని ఆమెకి తెలియదు. చెప్పాను. చెప్పక తప్పింది కాదు. నేల మీద కూలబడిపోయింది.

"నానే సేసినానా? అయ్యో, నానే సేసినానా?"

పక్కన కూర్చున్నాను. గడప ఎప్పుడు దాటానో గుర్తు లేదు. తల మీద చెయ్యి వేశాను. నా చెల్లెలు. ఆరు నెలలు నేను ఏ రోషాన్ని పెంచి పోషించానో, దాన్ని దించడానికి ఈ పిల్ల పసుపు గుడ్డ పట్టుకుని కారు కింద దూరింది. నాకు సిగ్గేసింది. ఈ పుస్తకంలోనైనా ఆ మాట రాయాలి కాబట్టి రాస్తున్నాను.

"కోసేస్తే పోతుంది" అన్నాను.

వెంటనే తల ఎత్తింది. "కొయ్యకూడదు! మొక్కు తీరకండా కొయ్యకూడదు. తీరినాక మీ ఇద్దరే విప్పాల, మీ సేతుల్తోటి."

"తీరింది కదా. ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను."

"ఏటని పిలిసినావు?"

ఏమనీ పిలవలేదు. అడగవలసినవి అడిగాను.

"అయితే తీరనేదు" అంది. చిన్నప్పుడు గచ్చకాయల ఆటలో తొండి చేసినప్పుడు కూడా ఇలాగే అనేది.

జూన్ 3

వాన విడవలేదు. గాల్లోనే తడి. షెడ్డులో పెట్టిన కారుకి ముడి ఇంకా రాయిలాగే ఉంది. రేపు పొద్దున్నే కారు పెగూ వెళ్ళాలి.

చిన్నమ్మి, లక్ష్మీనరసమ్మ షెడ్డులో పలక మీద కూర్చున్నారు, కాపలా కాస్తున్నట్టు. లక్ష్మీనరసమ్మ నిప్పుల కుంపటి పెట్టి ఆరబెడతానంది. పెట్రోలు కింద కుంపటి పెడితే ముడితో పాటు మనమూ విడిపోతాం అన్నాను. ఇంజను వేడే గతి. తలుపులు బార్లా తీసి, ఇంజను ఆడిస్తూ, ఆపుతూ, మళ్ళీ ఆడిస్తూ ఆరబెట్టాలి. ఎంతసేపో ఎవరికి తెలుసు?

అతను ఒక పక్క నుంచి, నేను ఒక పక్క నుంచి కారు కింద పడుకున్నాం. మధ్యలో ముడి. ఒకసారి అతను ముట్టుకు చూస్తాడు, ఒకసారి నేను.

"నాలుగు కాళ్ళు కనపడతన్నాయి" అంది లక్ష్మీనరసమ్మ. "ఏ జత ఎవరిదో తెలీకండా ఒకటే మురికి."

చిన్నమ్మి నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

ఇంజను ఆపినప్పుడు కారు కింద ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో. ఎదురుగా మనిషి మొహం ఉంటే మాట రాదు. ఇద్దరం పైకి, నేను చేసిన కమ్మీనే చూస్తూ పడుకున్నాం.

"నన్ను ఎందుకడగనేదు?" అన్నాను. డైరీలో రాసే భాష అక్కడ రాలేదు.

ముడి వేలితో నొక్కి చూసి చెప్పాడు. "అడిగితే ఒద్దనీవోడివి. నువ్వు ఒద్దంటే నాను ఎల్లీవోణ్ణి కాను. బండి నడపాలని నాకు సిన్నప్పట్నుంచీ ఆశ. అందుకని అడగనేదు."

ఇంత సులువైన సంగతి నాకు ఎందుకు తట్టలేదు? అడగకపోవడం లెక్కలేకపోవడం అనుకున్నాను. అతనికేమో నా మాట అంత లెక్క.

"గట్టు దారి ఒగ్గేసి ఈ ఈదిలోంచి ఎందుకొత్తావు?"

"నీ సుత్తి సప్పుడు ఇందావని."

"మరి హారన్ కొట్టవేటి?"

"నా బండి రాగానే సుత్తి ఆపీసీవోడివి. కోపం ఇంకా దిగనేదనుకున్నాను. ఎలా కొడతాను?"

నేను సుత్తి ఆపింది హారన్ వినపడుతుందేమోనని. ఆ మాటే చెప్పాను.

"సప్పుడు ఇనపడాలని ఆపినాను బావా."

పలక మీద నుంచి ఇద్దరు ఆడవాళ్ళూ కిందికి వంగి చూశారు. అతను ముడి వైపు చెయ్యి చాపి, ముడి కాదు, నా వేళ్ళు పట్టుకున్నాడు. జిడ్డు, బురద, పసుపు. తరవాత నేను కొస ఎక్కడుందో చూపించాను, బావ మేకుతో ఎత్తాడు, నేను లాగాను. మొదటి చుట్టు వదిలింది. తడి ఆరింది కాబట్టి వదిలింది. నేను పనివాణ్ణి, కారణం తెలుసు నాకు. అయినా చిన్నమ్మి "అప్పన్నా" అని దండం పెట్టుకుంటే కాదనలేదు.

సాయంత్రం ఊ ఫో మ్యా వచ్చారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దండాసి నా చెల్లెలి మొగుడని, తప్పు అతని కాలిది కాదని, ముడి మా ఇంటిదని, ముడి వేయించింది నా మొండితనమని. పసుపు మూట చేతిలో పెట్టాను. ఆయన తిప్పి తిప్పి చూశారు. కోప్పడతారనుకున్నాను. చిన్నమ్మి తలుపు చాటుకి పోయింది.

"మా అమ్మ నాట్ దేవతల కోసం ఈ కారు ముందు ఎర్ర గుడ్డ, తెల్ల గుడ్డ కడుతుంది, ఆకులు గుచ్చుతుంది. మా అమ్మకి కమ్మీలు తెలియవు, అందుకే బతికిపోయాను" అన్నారు. దండాసి వైపు తిరిగి, "రేపు తెల్లవారేసరికి బయల్దేరాలి. ఈసారి కట్టాలంటే నాకు కనపడేలా కట్టమని చెప్పు" అన్నారు.

"ఇంక అక్కర్నేదు బాబూ, తీరిపోనాది" అంది తలుపు చాటు నుంచి చిన్నమ్మి.

రాత్రి నలుగురం కలిసి తిన్నాం. కాసు లక్ష్మీనరసమ్మ దేవుడి గూట్లో పెట్టింది. ఊరెళ్ళేవాళ్ళెవరైనా దొరికితే సింహాచలం పంపాలి. బావ రెండు మార్లు చేపల పులుసు అడిగాడు. మునపటి కంటే ఎక్కువ తింటున్నాడు, చిక్కినదంతా తిరిగి పట్టాలి.

జూన్ 6

పొద్దున్నుంచి కుండపోత. ఎర్ర కారు పెగూ నుంచి తిరిగొచ్చింది. నీళ్ళు మరగలేదు.

ఎలా తెలిసిందంటే, చింతపండు కొట్ల మూల నుంచి మా షెడ్డు దాటేదాకా హారన్ కొడుతూనే ఉన్నాడు. ఎద్దులు బెదిరాయి. చేపలవాళ్ళు తిట్టారు. వీధి వీధంతా బయటికి వచ్చి చూసింది. నేను సుత్తి పట్టుకుని గుమ్మంలో తడుస్తూ నిలబడ్డాను.

ఇంత మంది తిరిగే వీధిలో అంత హారన్ కొట్టకూడదని బావకి చెప్పాలి. ఇవాళ వద్దులే. తరవాతెప్పుడైనా చెప్తాను.